మా ఫోన్ చదవలేని తెలుగు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు వరసగా చెప్పడం పద్ధతే గానీ, ఎవరు ఏ కుర్చీలో ఉన్నారో నాకు కనపడదు, వరస తప్పితే మళ్ళీ అలకలు. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

ఇవాళ జనవరి 4. చూపులేని వాళ్ళు వేళ్ళతో తడిమి చదివే చుక్కల లిపిని తయారుచేసిన లూయీ బ్రెయిలీ 1809లో పుట్టిన రోజు. ఆరు చుక్కల గురించి చెప్పమన్నారు, చెప్తాను. బ్రెయిలీలో మన వత్తు కిందికి దిగదు. 'అమ్మ' రాయాలంటే అ, తర్వాత పొల్లుకి ఒక చుక్క, తర్వాత మ, ఇంకో మ, అంతే, అన్నీ ఒకే వరసలో నడుస్తాయి. నాకు ఏడేళ్ళప్పుడు వేళ్ళకి ఎక్కిన తెలుగు ఇది. బ్రెయిలీ గురించి ఇంకా చాలా అనుకుని వచ్చాను గానీ, ముందు నా ఏడుపు ఒకటి వినండి.

కిందటేడు ఒక శిక్షణకి వెళ్ళాలి. మాడ్యూల్ ముందే పంపండి, చదువుకుని వస్తాను అన్నాను. వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. తెరిచి ఫోన్‌ని చదవమంటే డాలరు, బ్రాకెట్, క్యాపిటల్ ఎక్స్, కామా అంటూ మొదలుపెట్టింది, నలభై పేజీలూ అదే వరస! కంటికి అది చక్కటి తెలుగేనట. పాత డీటీపీ ఫాంట్లతో వచ్చిన చిక్కు ఇదే: పైకి 'క' బొమ్మ కనపడుతుంది, లోపల ఫైల్లో ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. ఫోన్ బొమ్మని చూడదు కదా, లోపల ఉన్నదే చదువుతుంది. ఏ ఫోన్‌లోనైనా అక్షరం అక్షరంగానే ఉండేలా ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే పద్ధతి యూనికోడ్, అందులో మన లిపికి 1991 నుంచీ చోటుంది. అయినా పాఠాలు ఇంకా పాత ఫాంట్లలోనే టైపవుతున్నాయి.

చదవట్లేదండీ అని ఆ ఫైల్ పంపినాయనకి ఫోన్ చేశాను. పాపం మంచి మనిషి, వెంటనే ఇంకో ఫైల్ పంపాడు. ఏం చేశాడో తెలుసా? దాన్నే ప్రింటు తీసి, స్కాన్ చేసి పంపాడు! ఇప్పుడు డాలర్లు కూడా లేవు, పేజీ పేజీకీ 'ఇమేజ్' అని ఊరుకుంది. మళ్ళీ చేస్తే, 'ఈసారి అక్షరాలు పెద్దవి చేసి పంపుతున్నాం సార్' అన్నాడు. నవ్వకండి, నిజం. నవ్వండి పోనీ, నేనూ నవ్వాను, కానీ ఆ శిక్షణలో మూడు రోజులూ పక్కాయన చెవిలో చదివిపెట్టిందే నాకు దక్కింది.

చట్టం లేకనా? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. అందరికీ అందే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవడానికి కాపీరైటు అడ్డం రాకుండా 2012లోనే సవరణ చేశారు. చూపులేని వాళ్ళకి పుస్తకాలు అందేలా దేశాలన్నీ కలిసి చేసుకున్న మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. ఇన్నీ దాటుకుని వచ్చి ఫాంటు దగ్గర ఆగిపోయాం.

రేపు టీచర్లు కాబోయే పిల్లలూ, మీతోనే మాట్లాడుతున్నా. వర్క్‌షీట్ చేసేటప్పుడు 'ఎర్ర గడిలో ఉన్నవి రాయండి' అనకండి, రంగులు తేడా తెలియని పిల్లాడు మీ క్లాసులో ఉండొచ్చు, వాడికీ ఆ సంగతి తెలియకపోవచ్చు. గడికి ఒక నంబరు ఇస్తే మీ సొమ్మేం పోదు. పటం పెడితే దాని కింద 'నదుల పటం' అని రాసి చేతులు దులుపుకోకండి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్లో పుట్టి, తూర్పుగా తెలంగాణ మీదుగా వచ్చి, ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది అని రాయండి. ఆ రోజు బడికి రాని పిల్లాడికి కూడా అదే పాఠం. పెద్ద పేరాలో పది సంగతులు కుక్కకుండా కొంచెం విడదీస్తే, అక్షరాలు కలిసిపోయి కనపడే పిల్లలకి ఊపిరాడుతుంది.

ఇంకా ఉంది గానీ, టీ వాసన వస్తోంది. ఒక్క మాట. ఈ సభ ఆహ్వానం కూడా నాకు ఫోటోగానే వచ్చింది, మా ఆవిడ చదివితే వచ్చాను. అది తయారుచేసిన ఆపరేటర్ ఈ హాల్లోనే ఉంటే పారిపోకండి బాబూ, తిట్టను. టీ తాగాక మీ పక్కన కూర్చుని, మీ ఫైలు నా ఫోన్‌లో వినిపిస్తాను.