ఎండు మీల్‌వర్మ్స్ ఫ్లైట్రాప్‌కి పెట్టొచ్చా? వాడి చూసి చెబుతున్నా

అందరికీ నమస్తే అండీ. నెల్లూరులో మా మిద్దె మీద నుంచే ఈ వీడియో. ఈ డబ్బా నాకు కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. లోపలున్నవి ఎండబెట్టిన మీల్‌వర్మ్స్, అంటే ఒక రకం పెంకు పురుగు పిల్లలు. బరువు, ధర, ప్రోటీన్ లెక్కలు పక్కన పెట్టి నేరుగా నా వీనస్ ఫ్లైట్రాప్ దగ్గరికి వెళ్దాం, అదే, పురుగుల్ని పట్టి తినే మొక్క.

డబ్బా మీద 'వీనస్ ఫ్లైట్రాప్‌కి సరైన ఆహారం' అని పెద్ద అక్షరాలతో వేశారు. నాకు కోపం తెప్పించింది ఆ మాటే. దగ్గరగా చూపిస్తా చూడండి. ఈ పురుగు రెండు సెంటీమీటర్లు దాటింది. నా మొక్క ట్రాప్, అంటే పురుగును పట్టి మూసుకునే ఆకు, అది కూడా దాదాపు అంతే. పెట్టే పురుగు ట్రాప్‌లో మూడో వంతుకు మించకూడదు. అంతకంటే పెద్దదైతే అంచులు సరిగా కలవవు, పురుగు కుళ్లుతుంది, ట్రాప్ నల్లబడి పోతుంది.

సైజు సంగతి అలా ఉంచండి, ఎండు పురుగు కదలదు కదా! ట్రాప్ లోపల సన్నటి వెంట్రుకలుంటాయి. సుమారు 20 సెకన్లలో రెండుసార్లు వాటికి ఏదైనా తగిలితేనే అది మూసుకుంటుంది. మూసుకున్నాక కూడా పురుగు లోపల కొట్టుకుంటూ ఉంటేనే అరిగించే రసాలు ఊరతాయి. కదలిక లేకపోతే మళ్లీ తెరుచుకుంటుంది, మొక్క పడ్డ శ్రమంతా వృథా. అందుకే పురుగును నానబెట్టి, చిన్న ముక్క కోసి, పట్టకారుతో లోపల పెట్టాలి. మూసుకున్నాక బయటి నుంచి వేళ్లతో మెల్లగా నొక్కుతూ, వదులుతూ ఉండాలి. ఇదిగో, ఇలా. ఇది డబ్బా మీద ఒక్క ముక్క కూడా రాయలేదు. మొదటిసారి మొక్క కొనుక్కున్న పిల్లలకి ఎలా తెలుస్తుంది?

నేను ఇంతకుముందు వాడింది అక్వేరియం షాపులో చేపల మేతగా దొరికే ఎండు బ్లడ్‌వర్మ్స్, అంటే చిన్న ఎర్ర పురుగులు. సన్నగా ఉంటాయి. నీళ్లతో తడిపి సన్‌డ్యూ (జిగురుతో పురుగుల్ని పట్టే ఇంకో మొక్క) ఆకు మీద కొంచెం పెడితే, జిగురు వెంట్రుకలు నెమ్మదిగా దాని మీదికి వంగుతాయి. అది ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

మన వైపు ఇళ్లల్లో ఎండు రొయ్యలు ఉంటాయి కాబట్టి అవి పెడదామనుకుంటారేమో, వద్దండీ. ఉప్పు ఈ మొక్కల్ని చంపేస్తుంది. నేను బోరు నీళ్లు కూడా పోయను, వాన నీళ్లు గానీ ఆర్‌ఓ నీళ్లు గానీ పోస్తాను.

అసలు నా ఓటు ఉసిళ్లకే. అక్టోబరు, నవంబరుల్లో మనకి వానలు పడ్డాక లైట్ల చుట్టూ ఎన్ని చేరతాయో మీకు తెలుసు. ఒళ్లు మెత్తన, ప్రాణంతో కదులుతుంటాయి. రెక్కలు తీసి, ట్రాప్‌కి తగిన సైజుది ఒకటి వేస్తే చాలు, వారం పది రోజులు అరిగించుకుంటుంది. ఒకేసారి అన్ని ట్రాపులకీ పెట్టకండి. దోమల స్ప్రే కొట్టి చంపినవి అస్సలు వద్దు.

మరి ఈ డబ్బా కొనాలా? నెపెంథిస్, అంటే కూజాల్లాంటి ఆకులతో పురుగుల్ని పట్టే మొక్క, ఉన్నవాళ్లు కొనుక్కోండి. దాని కూజాలోకి ఒక్క పురుగు జారవిడిస్తే సరిపోతుంది, నొక్కే పని లేదు. ఫ్లైట్రాప్ ఒక్కటే ఉంటే మాత్రం కొనకండి. కంపెనీవాళ్లు చిన్న సైజు పురుగులు వేసి, ట్రాప్ నొక్కే పద్ధతి బొమ్మ గీసి పంపితే, ఈసారి నా డబ్బుతో కొని మళ్లీ రివ్యూ చేస్తాను.