రాత్రి ఒంటిగంటైనా ఫోను పక్కన పెట్టలేకపోతున్నారా? బెడ్‌టైమ్ మోడ్ ఇలా పెట్టుకోండి

నమస్కారమండి. పాలకొల్లు దగ్గర మా ఊరి నుంచే మాట్లాడుతున్నాను. వెనకాల గలగలమని శబ్దం వస్తోంది కదా, అది రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి ఎక్కించే ఏరియేటర్లండి. ఆ సంగతి తరవాత చెప్తాను, ఈ వీడియోకీ దానికీ పని ఉంది.

ఇవాళ ఆండ్రాయిడ్ ఫోనులో బెడ్‌టైమ్ మోడ్ ఎలా పెట్టుకోవాలో చూపిస్తాను. ఎవరికంటే... పిల్లలు పడుకున్నాక, గిన్నెలయ్యాక, స్టవ్ తుడిచేశాక, రేపటికి పప్పు నానబెట్టేశాక, "అమ్మయ్య, ఇప్పుడు నా టైము" అని ఫోను పట్టుకుంటారు చూడండి, వాళ్ళకి. కళ్ళు మూసుకుపోతూనే ఉంటాయి. అయినా పడుకోబుద్ధి కాదు. పడుకున్నామంటే మళ్ళీ తెల్లారిపోద్ది, మళ్ళీ పాలు, మళ్ళీ క్యారేజీలు. ఆ ఒక్క గంట వదులుకోవడానికి మనసొప్పదు. రెండేళ్ళు నేనూ అలాగే ఒంటిగంట చేసేదాన్నండి.

దీనికి ఒక పేరుంది. చైనాలో పొద్దున్న 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు పని చేసేవాళ్ళున్నారు, 996 అంటారు దాన్ని. పగలంతా తమది కానివాళ్ళు రాత్రి మేలుకుని కక్ష తీర్చుకోవడం అన్న అర్థంలో అక్కడ ఒక మాట పుట్టింది, ఇంగ్లీషులో "రివెంజ్ బెడ్‌టైమ్ ప్రొక్రాస్టినేషన్" అంటారు. 2020లో డాఫ్నీ లీ అనే జర్నలిస్టు ట్విట్టర్‌లో ఆ మాట గురించి రాస్తే ప్రపంచమంతా పాకింది. అంతకుముందే 2014లో నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్ళు దీని మీద ఒక పేపరు వేశారు. వాళ్ళు చెప్పింది నాకు బాగా నచ్చింది. బయటి కారణం ఏదీ లేకుండా, అనుకున్న టైముకి పడుకోకపోవడం, అదీ వాళ్ళ లెక్క. అంటే మా ఆయన చెరువు దగ్గర మేలుకోవడం ఇందులోకి రాదు, అది పని. నేను మంచం మీద మేలుకోవడం ఇందులోకే వస్తుంది.

సరే, ఫోను చూడండి. సెట్టింగ్స్. కిందకి రండి, కిందకి... డిజిటల్ వెల్‌బీయింగ్. నొక్కండి. ఇదిగో ఈ గుండ్రం, ఇవాళ ఎంతసేపు చూశామో. దాని మీద నొక్కితే డ్యాష్‌బోర్డు. ఇక్కడ ఒక యాప్ మీద నొక్కి, రోజువారీ తీసేసి గంటలవారీ పెట్టండి. పెట్టారా? ఇప్పుడు ఆ గీతలు ఏ గంటల దగ్గర పొడుగ్గా ఉన్నాయో చూడండి. నాదైతే ఇదిగో, పాత స్క్రీన్‌షాట్ ఇది. పగలు పొద్దుగూకులూ ఏమీ లేదు. 11 దగ్గర ఒకటి, 12 దగ్గర ఒకటి. మీదీ ఒక స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, చివర్లో కావాలి.

ఇప్పుడు... ఇక్కడ ఆగండి కాస్త. ఇక్కడే నేను నెల్లాళ్ళు మోసపోయాను.

యాప్ పక్కన ఇసకగడియారం బొమ్మ ఉంది చూశారా, అది యాప్ టైమర్. అందరూ ముందు ఇదే పెట్టుకుంటారు, నేనూ ఇదే పెట్టుకున్నాను. రోజుకి గంట అని పెట్టాను. గంట అయిపోగానే యాప్ మూసుకుపోద్ది, బొమ్మ బూడిద రంగులోకి మారిపోద్ది. బానే ఉంది కదా? 10:40కి మొదలుపెడితే 11:40కి మూసుకుపోయేది. సరే పడుకుందాం అని లైటు తీసేసి, ఇంకో యాప్ ఏదో కాసేపు చూసి, మళ్ళీ ఊరికే దీని మీద వేలు పెడితే తెరుచుకునేది! ఫోను పాడైందేమో అనుకున్నాను. మా తమ్ముణ్ణి అడిగితే వాడికీ తెలీదు. నాలుగైదు రాత్రులు గడియారం పెట్టుకుని చూస్తే అప్పుడు దొరికింది. యాప్ టైమర్ రాత్రి 12కి మళ్ళీ మొదటికి వచ్చేస్తుందండి. దాని లెక్కలో 12 దాటితే కొత్త రోజు. అంటే నాకు ఇంకో గంట కొత్తగా ఇచ్చేసింది. పగలు వాడేవాళ్ళకి ఈ టైమర్ పనికొస్తుంది. అర్ధరాత్రి వాడేవాళ్ళకి మాత్రం సరిగ్గా మనం బలహీనంగా ఉన్న వేళకే తలుపు తీసి పెడుతుంది. అందుకని రాత్రి పూటకి టైమర్ని నమ్ముకోకండి. మళ్ళీ చెప్తున్నాను, టైమర్ కాదు, బెడ్‌టైమ్ మోడ్.

వెనక్కి రండి. బెడ్‌టైమ్ మోడ్. కొన్ని కొత్త ఫోన్లలో ఇది మోడ్స్ అన్నచోట ఉంటుంది, సామ్‌సంగ్ అయితే స్లీప్ అని ఉంటుంది. టైము పెట్టండి, రోజులు ఎంచుకోండి, గ్రేస్కేల్ ఆన్ చేయండి, అయిపోయింది. చూశారా, రంగులన్నీ పోయాయి. పట్టుచీర వీడియో కూడా పాత నలుపు తెలుపు టీవీలోలా ఉంటుంది. నైట్ లైట్ వేరు, అది తెరని పసుప్పచ్చగా చేస్తుందంతే, చూడాలన్న ఆశ ఏమీ తగ్గదు. నా మట్టుకు గ్రేస్కేలే పని చేసింది. ఇంకోటి, ఇక్కడ "ఛార్జింగులో ఉన్నప్పుడు" అని ఉంది చూడండి. నాకు అదే ఇష్టం. ఫోను హాల్లో టీవీ పక్కన ఛార్జింగుకి పెట్టేస్తాను, మోడ్ దానంతటదే వచ్చేస్తుంది. లేవడానికి బల్ల మీద మామూలు అలారం గడియారం ఉంది.

ఇప్పుడు చెరువుల మాట. బెడ్‌టైమ్ మోడ్ ఫోన్ కాల్స్‌ని కూడా నిశ్శబ్దం చేసేస్తుంది కదా, మా ఇళ్ళల్లో అది కుదరదండి. పగలు ఎండకి చెరువులో నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి నాచూ రొయ్యలూ అన్నీ దాన్ని వాడుకునేవే. తెల్లవారుజాముకి బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయంటే జనరేటర్ వెయ్యాలి, ఆలస్యమైతే పంట పోతుంది. మా ఆయన ఫోన్ చేస్తే నేను ఎత్తాలి. అందుకని డు నాట్ డిస్టర్బ్‌లోకి వెళ్ళి, పీపుల్, కాల్స్, స్టార్ పెట్టిన కాంటాక్టులు. అంతే. కాంటాక్టుల్లో మీవాళ్ళ పేరు పక్కన స్టార్ నొక్కండి. కింద "రిపీట్ కాలర్స్" కూడా ఆన్‌లో ఉంచండి, 15 నిమిషాల్లో ఒకరే రెండోసారి చేస్తే మోగుతుంది. ఇది చేయకుండా మోడ్ పెట్టుకుంటే ఏ కాల్ పోయిందో అన్న బెంగతో అసలు నిద్రే పట్టదు.

ఎన్నింటికి పెట్టాలి అంటారా. పెద్దవాళ్ళకి కనీసం 7 గంటలు కావాలని అమెరికాలో నిద్ర డాక్టర్ల అకాడమీ వాళ్ళు చెప్తారు. లేచే టైము నుంచి వెనక్కి లెక్కెయ్యండి. నేను 4:45కి లేచేదాన్ని. అంటే 9:45కే పడుకోవాలి, ఆ టైముకి నా చేతిలో ఇంకా గిన్నెలే ఉంటాయి. లెక్క కుదరలేదు. అక్కడే నాకు అర్థమైంది, ఇది ఫోనులో సరిచేసే విషయం ఒక్కటే కాదని.

ఇది సెట్టింగ్స్‌లో ఉండదు కానీ అన్నిటికన్నా ముఖ్యం, స్కిప్ చేయకండి. మోడ్ పెట్టిన మొదటి వారం నేను 10:30కి పడుకుని ఏడ్చానండి. నిద్ర దొరికింది, నా గంట పోయింది. ఆ గంటలో నేను చూసేవి లేసు అల్లిక వీడియోలు. మా వైపు ఆడవాళ్ళకి లేసు కొత్తేం కాదు, నరసాపురం చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళల్లోనో అల్లుతారు. కానీ నాకు ఎవరి ఆర్డరూ కాకుండా, నాకు నచ్చిన పువ్వు నేను అల్లుకోవాలని ఉండేది. శివరాత్రికి క్షీరారామంలో జాగారం చేస్తాం, ఏడాదికి ఒక్క రాత్రి. నేను ఆ పువ్వు కోసం రోజూ చేస్తున్నాను.

అందుకని ఆ స్క్రీన్‌షాట్ మా ఆయనకీ అత్తయ్యగారికీ చూపించాను. కోపంగా కాదు, మామూలుగానే. "అత్తయ్యగారూ, ఇదిగో చూడండి, పగలు నాకు ఒక్క గీత కూడా లేదు, అందుకే రాత్రి ఇలా ఉంటోంది" అన్నాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. "పొద్దున్న పాలు నేను పోయించుకుంటాలే, నాకెలాగూ మెలకువ వచ్చేస్తది" అన్నారు. దాంతో నాకు లేచే టైము 5:15 అయింది, 10:15కి పడుకుంటే 7 గంటలు. రాత్రి గిన్నెలు సగం మా ఆయన తోముతారు, చెరువుకి వెళ్ళేముందు. మధ్యాహ్నం మూడున్నర నుంచి పిల్లల వ్యాన్ వచ్చే నాలుగుంబావు దాకా నన్ను ఎవరూ పిలవరు. కాలవ గట్టు వైపు అరుగు మీద కూర్చుంటాను, సూదీ దారం పట్టుకుని.

మీ ఇంట్లో ఇలా అడిగితే ఒప్పుకుంటారని నేను చెప్పలేను. ముప్పావుగంట దొరక్కపోతే ఇరవై నిమిషాలు అడగండి. అదీ దొరక్కపోతే బెడ్‌టైమ్ మోడ్ వారానికి 4 రాత్రులే పెట్టుకోండి, ఇదిగో ఇక్కడ రోజులు తీసేయొచ్చు, శుక్ర, శని, ఆదివారాలు తీసేశాను చూడండి. ఆ మూడు రాత్రులూ మీవే, తప్పు చేస్తున్నామని అనుకోకండి.

ఇవాళ రాత్రి పెట్టుకుని, వారం తరవాత మళ్ళీ డ్యాష్‌బోర్డు తెరిచి, గంటలవారీలోకి వెళ్ళి, 12 దగ్గర గీత ఎంతుందో చూడండి. మూడున్నర దగ్గర కూడా చూడండి. ఇదిగో ఇది నాది, నిన్నటిది. మూడున్నర దగ్గర చిన్న గీత, అది పువ్వు ఎలా అల్లాలో చూసుకున్న వీడియో. పువ్వు ఇది. ఇంకా రెండు రేకులు అల్లాలండి.