క్లినిక్ గది దాటిన స్పీచ్ థెరపీ

సభలోని పెద్దలకు, ఈ ఏడాది స్పీచ్ పాథాలజీ చదువు ముగించి ఉద్యోగాల వైపు చూస్తున్న విద్యార్థులకు నమస్కారం.

మీలో ఎక్కువ మంది ఆసుపత్రిలోనో, పిల్లల క్లినిక్‌లోనో చేరాలని అనుకుంటూ ఉండవచ్చు. శిక్షణ కాలంలో మీరు ఎక్కువగా చూసింది ఆ రెండింటినే కాబట్టి అది సహజమే. నేను ఇవాళ మాట్లాడబోయేది మూడో దారి గురించి: వైకల్యంతో జీవిస్తున్నవారి ఇళ్ళలో, సంరక్షణ గృహాల్లో, డే సెంటర్లలో, వాళ్ళు పనిచేసే చోట్ల జరిగే స్పీచ్ థెరపీ గురించి. ఈ రంగంలో థెరపిస్టు అక్కడ ఉన్న గంటలో ఏం జరిగిందన్నది చిన్న విషయం. ఆమె వెళ్ళిపోయాక మిగిలిన వారమంతా ఏం జరిగిందన్న దాన్ని బట్టే ఆమె పనితనం తేలుతుంది. ఈ ఉద్యోగంలోని కష్టమూ ఆకర్షణా రెండూ ఇక్కడే ఉన్నాయని నా అభిప్రాయం.

ప్రపంచంలో సుమారు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగ్గ వైకల్యంతో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. వీరందరికీ మాటతోనో, మింగడంతోనో ఇబ్బంది ఉంటుందని కాదు. కానీ సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, ఆటిజం, మేధో వైకల్యం, పక్షవాతం, పార్కిన్సన్స్, డిమెన్షియా, మోటార్ న్యూరాన్ వ్యాధి అని పేర్లు చెప్పుకుంటూ పోతే, మన అవసరం రాని పేరు చాలా తక్కువగా కనిపిస్తుంది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వైకల్యం గలవారి హక్కుల ఒప్పందం, మాట్లాడే భాషతో పాటు సంజ్ఞా భాషనూ, బ్రెయిలీనీ, బొమ్మలతోనూ యంత్రాలతోనూ సాగే సంభాషణనూ తన నిర్వచనంలోనే చేర్చింది; తనకు నచ్చిన పద్ధతిలో అభిప్రాయం చెప్పుకునే హక్కును 21వ అధికరణంలో, నలుగురి మధ్య జీవించే హక్కును 19వ అధికరణంలో ప్రస్తావించింది. ఈ రెండు హక్కులూ ఒక మనిషి రోజువారీ జీవితంలో కలిసే చోటే మన ఉద్యోగం.

క్లినిక్‌లో మనం అడిగే ప్రశ్న సాధారణంగా ‘ఈ మనిషిలో ఏ లోపం ఉంది’ అన్నది. వైకల్యాన్ని వర్ణించడానికి 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన ఐసీఎఫ్ అనే వర్గీకరణ శరీరపు పనితీరుతో పాటు దైనందిన కార్యకలాపాలనూ, సమాజంలో భాగస్వామ్యాన్నీ, చుట్టూ ఉన్న పరిస్థితులనూ లెక్కలోకి తీసుకున్నాక, అడగవలసిన ప్రశ్న మారింది. ఈమె తనకు కావలసింది ఎవరిని అడగగలుగుతోంది? అడిగినప్పుడు ఎదుటివాళ్ళు ఆగి వింటున్నారా? తీవ్రమైన వైకల్యం ఉన్న పెద్దవాళ్ళ విషయంలో ప్రామాణిక పరీక్షలు ఈ ప్రశ్నలకు దాదాపుగా ఏ జవాబూ ఇవ్వవు; ఒక పూట పక్కన కూర్చుని గమనిస్తే జవాబు దొరుకుతుంది.

ఎదుటివాళ్ళను మార్చడం కూడా చికిత్సేనా అని కొందరు సందేహపడతారు. టొరంటోలోని అఫేజియా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఆరా కాగన్, ఆమె సహచరులు 2001లో ప్రచురించిన అధ్యయనం దీనికి మంచి జవాబు. పక్షవాతం వంటి కారణాలతో మెదడు దెబ్బతిని మాట, భాష వాడటం కష్టమయ్యే అఫేజియా వచ్చినవారితో సంభాషించే 40 మంది వాలంటీర్లలో 20 మందికి మాత్రమే వారు శిక్షణ ఇచ్చారు. ముఖ్యమైన పదాన్ని కాగితం మీద పెద్దగా రాయడం, అవును-కాదు అని రాసి చూపించి వేలు పెట్టమనడం, బొమ్మ గీయడం, ‘మీరు చెప్పేది ఇదేనా’ అని సరిచూసుకోవడం, మీకు విషయం తెలుసని నాకు తెలుసు అన్న గౌరవాన్ని మాటలో చూపించడం: శిక్షణలో నేర్పేవి ఇలాంటివే. శిక్షణ పొందిన వాలంటీర్ల తీరు మెరుగుపడటంలో వింత లేదు. వారితో మాట్లాడిన అఫేజియా బాధితుల సంభాషణ కూడా మెరుగుపడింది, వారికి ఎవరూ ఏమీ నేర్పకుండానే. సమాజ సంరక్షణలో పనిచేయదలచిన ప్రతి విద్యార్థీ ముందుగా చదవవలసిన పరిశోధన ఇదేనని నేను అంటాను.

మాటకు బదులుగా వాడే బొమ్మల పలకల విషయంలోనూ, మాట్లాడే యంత్రాల విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. సంరక్షకుల సౌకర్యం కోసం తయారైన పలకల మీద నీళ్ళు, అన్నం, బాత్రూమ్ వంటి పేర్లే ఉంటాయి. ‘వద్దు’, ‘ఆగు’, ‘ఇంకా’, ‘నొప్పి’, ‘అది కాదు’ అన్నవి ఉండవు. అవి లేని పలకతో మనిషి సరుకుల జాబితా చదవగలడే తప్ప అభ్యంతరం చెప్పలేడు. ఖరీదైన యంత్రం తెప్పించినా, ఇంట్లోవాళ్ళు తాము మాట్లాడేటప్పుడు అదే తెరను తాకి చూపించకపోతే అది ఛార్జింగ్ లేకుండా అలమరలో చేరుతుంది. పసిపిల్లలు చుట్టుపక్కలవాళ్ళు మాట్లాడుతుండగా విని మాట నేర్చుకుంటారు. బొమ్మలతో మాట్లాడవలసిన పిల్లవాడికి బొమ్మలతో మాట్లాడే మనిషి ఒక్కరూ కనిపించకపోతే ఎలా నేర్చుకుంటాడు?

సంరక్షణ గృహాల నుంచి మనకు వచ్చే పిలుపుల్లో చాలా భాగం మాట రావడం లేదని కాదు, అక్కడ ఉండేవారు ఇతరులను కొడుతున్నారనీ, తల బాదుకుంటున్నారనీ. ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే పరిశోధకులు 1985లోనే దీనికి ఒక దారి చూపించారు. పని కష్టమైనప్పుడు గొడవ చేసే పిల్లలకు సాయం అడిగే మాటనూ, ఎవరూ పట్టించుకోనప్పుడు గొడవ చేసేవారికి తమ వైపు చూడమని అడిగే మాటనూ నేర్పితే ఆ ప్రవర్తన బాగా తగ్గింది. ఎవరికి ఏ మాట అవసరమో ముందు కనిపెట్టాలి, తప్పుడు మాట నేర్పితే ఫలితం ఉండదు. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. చేతిని పట్టుకుని టైప్ చేయించే ‘ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్’ పద్ధతి ఒకప్పుడు ఎన్నో కుటుంబాలకు ఆశ కలిగించింది. 1990ల్లో ఆ మనిషికి ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్నవారికి వేరే బొమ్మ చూపించి పరీక్షిస్తే, వచ్చిన జవాబులు చెయ్యి పట్టుకున్నవారు చూసిన బొమ్మవే అని తేలింది. అమెరికా స్పీచ్-హియరింగ్ సంఘం దాన్ని వాడవద్దని 2018లో మరోసారి స్పష్టం చేసింది. కుటుంబం ఎంత ప్రాధేయపడినా, మనిషి గొంతును ఇంకొకరి చేతికి అప్పగించే పనికి మీరు సంతకం పెట్టకూడదు.

ఇక మింగడం. బయటివారికి తెలియని సంగతేమిటంటే, ఈ రంగంలో చాలామందికి సగం రోజు దీనితోనే గడుస్తుంది. అన్నం తినేటప్పుడు పొలమారితే దగ్గు వస్తుందని అందరికీ తెలుసు; దగ్గు రాకుండానే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి జారిపోయేవారూ ఉంటారు. వారి విషయంలో గొంతు తడిగా గరగరలాడటం, బరువు తగ్గడం, మాటిమాటికీ జ్వరం రావడం వంటి చిన్న గుర్తులే ఆధారం. సూజన్ లాంగ్‌మోర్ బృందం 1998లో ప్రచురించిన పరిశోధనలో, న్యుమోనియా ముప్పును బలంగా సూచించిన అంశాల్లో ఇతరుల చేత తినిపించుకోవడమూ, నోరు శుభ్రం చేసుకోవడానికి ఇతరుల మీద ఆధారపడటమూ ఉన్నాయి. అంటే చెంచా పట్టుకున్న చెయ్యి ఎంత తొందరపడుతోంది, రాత్రి పళ్ళు ఎవరు తోముతున్నారు అన్నవి మీరు రాసే నివేదికలో మొదటి పేజీకి రావలసిన విషయాలు.

‘నీళ్ళు కొంచెం చిక్కగా ఇవ్వండి’ అని రాసి వచ్చేస్తే ఒక్కొక్కరు ఒక్కో చిక్కదనంలో కలుపుతారు. అందుకే 2013లో ఏర్పడిన ఐడీడీఎస్‌ఐ అనే అంతర్జాతీయ బృందం పానీయాలకూ ఆహారానికీ కలిపి 0 నుంచి 7 వరకు స్థాయిలు నిర్ణయించింది. దాని పరీక్ష వంటగదిలోనే చేయవచ్చు. నిర్ణీత కొలతలున్న 10 మిల్లీలీటర్ల సిరంజి తీసుకుని, కింది రంధ్రాన్ని వేలితో మూసి, పానీయాన్ని గీత దాకా పోసి, వేలు తీసి 10 సెకన్లు లెక్కపెట్టి మళ్ళీ మూయాలి. లోపల 1 మిల్లీలీటరు కంటే తక్కువ మిగిలితే అది మామూలు నీళ్ళలా పలచన, 0 స్థాయి. 1 నుంచి 4 మిగిలితే 1వ స్థాయి. 4 నుంచి 8 మిగిలితే 2వది. 8 కంటే ఎక్కువ మిగిలినా కొంతైనా కారితే 3వది. రాత్రి షిఫ్టులో కొత్తగా చేరిన సహాయకురాలు ఎవరినీ అడగకుండా ఈ పరీక్ష చేసి గ్లాసును సరిదిద్దగలిగితే, మీ పని అక్కడ నిలబడినట్లే.

అయితే చిక్కటి నీళ్ళు తాగేవారు తక్కువ తాగుతారు, ఒంట్లో నీటి శాతం పడిపోతుంది, చాలామందికి ఆ రుచే గిట్టదు. ప్రమాదం తెలిసి కూడా మామూలు టీ తాగుతానని పట్టుబట్టే పెద్దాయనకు ఏం చెబుతారు? మనిషికి కొంత ప్రమాదాన్ని ఎంచుకునే గౌరవం కూడా ఉండాలని 1972లోనే రాబర్ట్ పెర్స్కే వాదించారు. ఆయనకు అర్థమయ్యేలా బొమ్మలతో, చిన్న వాక్యాలతో నష్టాలు వివరించి, డాక్టరుతోనూ కుటుంబంతోనూ చర్చించి, తీసుకున్న నిర్ణయాన్ని రాతలో పెట్టడం మీ బాధ్యత. భయంతో నిషేధించడం తేలికైన దారి, అంతే.

ఉద్యోగాల రకాల గురించి ఎక్కువ చెప్పను. వైకల్య సేవా సంస్థలు, వృద్ధుల సంరక్షణ, ఇంటింటికీ తిరిగే బృందాలు, ప్రవర్తనా సహాయ బృందాలు, సహాయక పరికరాల కేంద్రాలు, సొంత ప్రాక్టీసు, అన్నీ ఉన్నాయి. పనిలో పెద్ద భాగం ప్రయాణం, ఫోన్లు, నిధులిచ్చేవారికి రాసే నివేదికలు. ఆక్యుపేషనల్ థెరపిస్టు మనిషి సరిగ్గా కూర్చునేలా కుర్చీ సరిచేయకుండా మీరు మింగడం సరిచేయలేరు కాబట్టి ఒంటరిగా రాణించాలనుకునేవారికి ఇది సరిపడదు. మీరు ఏళ్ళ తరబడి కలిసిన మనుషులు ముదిరే వ్యాధులతో కన్నుమూస్తారు. దాన్ని పంచుకునే తోటివారు ఉండాలి.

అందువల్ల మొదటి ఉద్యోగపు ఇంటర్వ్యూలో జీతంతో పాటు మూడు విషయాలు అడగండి. నాకు సూపర్‌విజన్ ఇచ్చే సీనియర్ స్పీచ్ థెరపిస్టు ఎవరు, ఎంత తరచుగా కలుస్తారు? మింగడం సమస్యలను నేను ఒంటరిగా చూడటానికి ముందు ఎవరి పక్కన నిలబడి నేర్చుకుంటాను? సంరక్షకులకు శిక్షణ ఇచ్చే గంటలను మీ సంస్థ పనిగా లెక్కిస్తుందా, లేక మనిషి ఎదురుగా కూర్చున్న గంటలనేనా? మూడో ప్రశ్నకు తడబడే సంస్థలో చేరితే, ఇప్పటిదాకా నేను చెప్పిన పనిలో ఎక్కువ భాగం మీరు మీ సొంత సమయంలో చేయవలసి వస్తుంది.