పేరు నమోదు చేసుకుంటే చాలా? జర్మనీలో ఉమ్మడి దావాల కథ

వ్యాఖ్యాత: పరీక్షల్లో పొగ తక్కువగా కనిపించేలా ఫోక్స్‌వాగన్ కంపెనీ తన డీజిల్ కార్లలో చేసిన మోసం 2015 సెప్టెంబరులో బయటపడింది. జర్మనీలో ఆ కార్లు కొన్న లక్షల మంది తరఫున ఒకే కేసు ఎలా నడిచింది?

న్యాయవాది: అక్కడ దావా వేసేది కారు యజమాని కాదండీ, గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘం. అందుకు వీలు కల్పించిన చట్టం 2018 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది దాటితే చాలామంది హక్కుకు కాలదోషం పట్టేది, అంటే దావా వేసే గడువు తీరిపోయేది. అందుకే సంఘాల సమాఖ్య ఆ రోజే బ్రౌన్‌ష్వైగ్ ఉన్నత న్యాయస్థానంలో దావా వేసింది. యజమానులు ప్రభుత్వ రిజిస్టరులో ఉచితంగా పేరు నమోదు చేసుకున్నారు. ఓడితే ఎదుటిపక్షం ఖర్చులు కట్టాల్సింది కూడా సంఘమే.

ఉద్యమ కార్యకర్త: కానీ గెలిచినా చేతికి పైసా రాదు కదండీ! కంపెనీది తప్పని తేల్చడం వరకే ఆ తీర్పు. పరిహారం కోసం ఎవరికి వారు మళ్లీ కోర్టు మెట్లెక్కాలి. అలసిపోయిన మనిషిని మళ్లీ క్యూలో నిలబెట్టడం న్యాయమా?

న్యాయవాది: అయితే 2020 ఫిబ్రవరిలో కంపెనీకీ సంఘాల సమాఖ్యకూ మధ్య రాజీ కుదిరింది. సుమారు 2,60,000 మందికి 83 కోట్ల యూరోలు. కారును బట్టి 1,350 నుంచి 6,257 యూరోల వరకు.

ఉద్యమ కార్యకర్త: రాజీకి ఒప్పుకొనే గడువు ఏప్రిల్‌లో ముగిసింది. మే 25న అత్యున్నత న్యాయస్థానం ఏం చెప్పింది? 31,490 యూరోలకు పాత ఫోక్స్‌వాగన్ షరాన్ కారు కొన్న ఒకరికి, వాడుకున్నంత మేర తగ్గించి, 25,616 యూరోలు ఇవ్వాలంది. ఒక్క నెల తేడా! నాకిప్పటికీ కడుపు మండుతుంది.

న్యాయవాది: మీ బాధ సరైనదే. కానీ ఆయన కింది కోర్టులో ఓడిపోయారు, మరో రెండు మెట్లు ఎక్కారు. ఆ ధైర్యం, ఆ ఖర్చు అందరికీ సాధ్యమా?

వ్యాఖ్యాత: తర్వాత ఏమైనా మారిందా?

న్యాయవాది: ఐరోపా సమాఖ్య 2020 ఆదేశాన్ని అనుసరించి 2023 అక్టోబరులో కొత్త చట్టం వచ్చింది. ఇప్పుడు సంఘం నేరుగా డబ్బే ఇప్పించమని అడగవచ్చు. కోర్టు నియమించిన నిర్వాహకుడు దాన్ని పంచుతాడు. వాదనలు ముగిశాక మూడు వారాల వరకు పేరు నమోదుకు వీలుంది.

ఉద్యమ కార్యకర్త: ఆ మూడు వారాలే నాకు ముఖ్యం. వాదనలన్నీ విన్నాక ఆలోచించుకునే అవకాశం డీజిల్ కార్ల యజమానులకు దక్కలేదు.