శక్తి మూడో ఆల్బమ్ ‘నేచురల్ ఎలిమెంట్స్’: చిన్నచూపు ఎంతవరకు న్యాయం?

నమస్కారం. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, మన వాద్యకారులు కలిసి నడిపిన శక్తి బృందం పేరు ఎత్తగానే చాలామందికి 1975లో అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో ఒక కాలేజీ కచేరీలో రికార్డు చేసిన మొదటి ఆల్బమ్ గుర్తుకువస్తుంది. మన తెలుగువాళ్లకైతే పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, ఆ బృందం తర్వాతి రూపమైన ‘రిమెంబర్ శక్తి’లో వాయించిన రోజులు గుర్తుకువస్తాయి. ఈ రెండింటికీ మధ్య, 1977లో వచ్చిన ‘నేచురల్ ఎలిమెంట్స్’ను విన్నవాళ్లు తక్కువ, విని మెచ్చుకున్నవాళ్లు ఇంకా తక్కువ. ఆ చిన్నచూపులో సగమే న్యాయం ఉందని నా అభిప్రాయం.

ప్రధానమైన ఆక్షేపణ నిడివి గురించి. మొదటి ఆల్బమ్‌లో ఉన్నవి మూడే అంశాలు. అందులో ‘జాయ్’ 18 నిమిషాలు, చివరిది దాదాపు 29 నిమిషాలు. ఇక్కడ 8 అంశాలున్నాయి, పెద్ద అంశాల్లో ఒకటైన ‘ది డాఫొడిల్ అండ్ ది ఈగిల్’ కూడా ఏడు నిమిషాల దగ్గర ఆగిపోతుంది. రేడియో కోసం రాజీపడ్డారని అనుకోవడం సులువే. కానీ ‘మైండ్ ఎకాలజీ’ వినండి. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్ ఒకే స్వరపంక్తిని అంత వేగంలో కలిసి పలికిస్తుంటే, కచేరీలో పావుగంట నెరవల్లో (ఒకే పాదాన్ని రకరకాలుగా విస్తరించి పాడటంలో) మనం వెతుక్కునే బిగువు ఇక్కడ ఆరు నిమిషాల్లోపే చేతికందుతుంది. దీన్ని నేను రాజీ అనలేను, కుదింపు అంటాను.

ఆ గిటారు గురించి కొంచెం ఆగి చెప్పాలి. గిబ్సన్ కంపెనీ మెక్‌లాఫ్లిన్ కోసం ప్రత్యేకంగా చేసిన వాద్యం అది. మెట్ల (ఫ్రెట్ల) మధ్య చెక్కను లోపలికి తొలిచారు, ప్రధాన తీగల కింద ఏడు అనునాద తంత్రులను (ప్రధాన తీగలు మోగితే వాటితో పాటు మోగే తీగలను) ఏటవాలుగా బిగించారు. వేలు చెక్కకు ఆనదు కాబట్టి తీగను ఎంత కావాలంటే అంత నొక్కవచ్చు, పక్కకు లాగవచ్చు. వీణలో ఎత్తైన మెట్లు ఇచ్చే సౌకర్యమే ఇది. అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఆయన వీణ నేర్చుకున్నారన్న సంగతి ఆ గమకాలు విన్నాక ఆశ్చర్యంగా అనిపించదు. ఆయన అంతకుముందు నడిపిన మహావిష్ణు ఆర్కెస్ట్రా నాటి ఎలక్ట్రిక్ హోరును ఆశించి ఈ రికార్డు కొన్నవాళ్లు నిరాశపడితే ఆ తప్పు రికార్డుది కాదు.

ఇక న్యాయమైన సగం. ‘కమ్ ఆన్ బేబీ డాన్స్ విత్ మీ’ రెండు నిమిషాల్లో ముగుస్తుంది. అది మొదలైందని మనం గుర్తించేలోపే అయిపోతుంది. ‘హ్యాపీనెస్ ఈజ్ బీయింగ్ టుగెదర్’లో అందరూ కలిసి సంతోషపడాలని నిశ్చయించుకున్నట్టుంటుంది, పెళ్లి వీడియోలో కెమెరామన్ నవ్వమంటే నవ్వినట్టు. అంతకంటే పెద్ద లోటు లయ విషయంలో ఉంది. మొదటి ఆల్బమ్‌లో ఆర్. రాఘవన్ మృదంగం ఉండేది. అది లేకపోవడంతో కర్ణాటక లయభారమంతా ఘటం వాయించే విక్కు వినాయక్‌రామ్ మీదే పడింది. జాకిర్ హుస్సేన్ తబలాలో ఎడమచేతి గుమికి (లోతైన మంద్రనాదం) తోడు వచ్చినప్పుడు ఘటం అద్భుతంగా మెరుస్తుంది గాని, పోటీ వచ్చినప్పుడు ఆ మట్టికుండ నాదం అడుగున ఉండిపోతుంది. ఫోను స్పీకరులో వింటే అసలు వినపడకపోవచ్చు, హెడ్‌ఫోన్లు తప్పనిసరి.

కొత్తగా వినేవారు మొదటి అంశంతో కాకుండా ‘ఫేస్ టు ఫేస్’తో మొదలుపెట్టి, ఆ తరువాత ‘బ్రిడ్జ్ ఆఫ్ సైస్’కు వెళ్లండి. ఆల్బమ్ చివర వచ్చే ‘పీస్ ఆఫ్ మైండ్’ను మాత్రం దాటవేయకండి. మూడు నిమిషాలు కాస్త దాటే ఆ విలంబంలో నలుగురూ వేగాన్ని పూర్తిగా పక్కన పెట్టేశారు, అంతకుముందు ముప్పై నిమిషాలకు పైగా వాళ్లు చూపించిన వేగమంతా విన్నాక ఆ నిదానం చెవికి ఇంకా బాగా ఆనుతుంది.