కోళ్లకు ప్రసంగం వినిపించిన పిల్లవాడు: బొమ్మల కథలో జాన్ లూయిస్

(చర్చా కార్యక్రమం – లిఖిత పాఠం)

సమన్వయకర్త: నమస్కారం. అమెరికా పౌరహక్కుల ఉద్యమకారుడు జాన్ లూయిస్ తన జీవితాన్ని ‘మార్చ్’ అనే మూడు సంపుటాల చిత్రకథగా చెప్పుకున్నారు. రచనలో, అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుడిగా ఆయన కార్యాలయంలో పనిచేసిన సిబ్బందిలో ఒకరైన ఆండ్రూ ఐడిన్ పాలుపంచుకోగా, నేట్ పావెల్ బొమ్మలు వేశారు. 2013లో మొదటి సంపుటి, 2016లో మూడవది వెలువడ్డాయి; ఆ మూడవ సంపుటికి అదే ఏడాది నేషనల్ బుక్ అవార్డు దక్కింది. చర్చలో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే చిత్రకారుడు, ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలు పాల్గొంటున్నారు. లాఠీలు, నెత్తురు ఉన్న చరిత్రను బొమ్మల్లోకి దించితే అది పలచబడిపోదా?

చిత్రకారుడు: నా భయం వేరండీ. మహనీయుల జీవితాలను బొమ్మల్లో చెప్పేటప్పుడు మనకొక అలవాటుంది. ఊయలలో ఉన్న పసివాడి ముఖంలోనే రాబోయే గొప్పతనాన్ని గీసేస్తాం. అలాంటి పుస్తకం చదివిన పిల్లవాడు దణ్ణం పెట్టి పక్కన పెట్టేస్తాడు. ఈ పుస్తకంలో మాత్రం అలబామాలోని ట్రాయ్ పట్టణం దగ్గర 1940లో కౌలు రైతు ఇంట పుట్టిన ఒక పిల్లవాడు, కోళ్లను మేపే పని తన వంతుకు వస్తే, వాటినే భక్తులుగా కూర్చోబెట్టి ప్రసంగాలు వినిపిస్తూ, ఇంట్లో వాళ్లు కోడిని కోసిన రోజున అన్నం ముట్టకుండా అలుగుతూ కనిపిస్తాడు. ఆ పిల్లవాడితో ఏ పల్లెటూరి పిల్లలైనా వెంటనే జట్టు కడతారు.

ఉపాధ్యాయురాలు: మా ఎనిమిదో తరగతి పిల్లలు కోళ్ల దగ్గర నవ్వారు, నాష్‌విల్ నగరపు నిరసనల ఘట్టం దగ్గర నిశ్శబ్దమైపోయారు. 1960 ఫిబ్రవరిలో నల్లజాతి విద్యార్థులు తెల్లవారికే పరిమితమైన లంచ్ కౌంటర్లలో, అంటే దుకాణాల్లోని భోజన బల్లల దగ్గర, నిరసనగా కూర్చోవడానికి ముందు అహింసా పోరాటం నేర్పే జేమ్స్ లాసన్ వారికి నెలల తరబడి శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణలో తోటి విద్యార్థులే తిట్టేవారు, కుర్చీ లాగేసేవారు, మీదకు వచ్చేవారు. అయినా చేయి ఎత్తకుండా ఉండగలగడమే సాధన. ధైర్యాన్ని కబడ్డీలా రోజూ సాధన చేసి నేర్చుకోవచ్చని మా పిల్లలకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు, నాతో సహా. లాసన్ 1950లలో మన నాగపూర్‌లో పనిచేస్తూ గాంధీ పద్ధతులను అధ్యయనం చేసి వెళ్లినవారేనని చెప్పాక వాళ్లు అట్లాసు తీశారు.

సమన్వయకర్త: లూయిస్ తరాన్ని కూడా ఒక బొమ్మల పుస్తకమే ప్రభావితం చేసిందంటారు.

చిత్రకారుడు: అవును. బస్సుల్లో నల్లవారిపై వివక్షకు నిరసనగా అలబామాలోని మాంట్‌గోమరీలో సాగిన బస్సుల బహిష్కరణ ముగిసిన మరుసటి ఏడాది, 1957లో, మార్టిన్ లూథర్ కింగ్ గురించి పదహారు పేజీల కామిక్ వచ్చింది. వెల పది సెంట్లు. గాంధీ ప్రస్తావన, అహింసా పోరాటాన్ని ఎలా నడపాలనే సూచనలు అందులో ఉన్నాయి. దాన్ని చదివినవారిలో లూయిస్ ఒకరు. దశాబ్దాల తర్వాత తన కథకు ఇదే రూపాన్ని ఎంచుకోవడానికి ఆ జ్ఞాపకమే కారణం.

సమన్వయకర్త: హింసను చూపిన పేజీల సంగతేమిటి?

చిత్రకారుడు: పావెల్ రంగులు వాడలేదు. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో, ఎడ్మండ్ పెటస్ వంతెన మీద ఓటు హక్కు కోసం నడుస్తున్న దాదాపు ఆరు వందల మంది పాదయాత్రికులపై పోలీసులు విరుచుకుపడినప్పుడు లూయిస్ పుర్రె ఎముక చిట్లింది. అక్కడ ఎరుపు పూస్తే చూసేవారి కన్ను నెత్తురు మీదే ఆగిపోతుంది. నలుపు తెలుపుల్లో ఆ కన్ను మనుషుల ముఖాల దాకా వెళ్తుంది. ఇది నా పక్షపాతమే కావచ్చు, నేనూ సిరాతో గీసేవాణ్ణే.

ఉపాధ్యాయురాలు: బొమ్మల కంటే మాటలే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. నల్లవారిని అవమానించే దూషణలను ఈ పుస్తకం దాచలేదు. పైకి చదివి తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు, ఆ మాటకు మన ఊళ్లలో సమానమైనది ఏదో నాకు తెలుసు, పిల్లలకూ తెలుసు. అది కులం పేరుతో తిట్టే తిట్టు. నేను చదవలేక ఆగిపోయాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి తలదించుకుంది. మరుసటి రోజు ఆ పేజీని ఎవరికి వారు మనసులో చదువుకోమన్నాను. అది సరైన నిర్ణయమో పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

చిత్రకారుడు: మరి అంబేడ్కర్ కథతో మొదలుపెట్టవచ్చు కదా? 2011లో వచ్చిన ‘భీమాయన’లో దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు కామిక్కుల్లో ఉండే చతురస్రపు గడులే గీయలేదు. కుట్టే మాటల బుడగకు తేలు తోక పెట్టారు. చదవకముందే పిల్లలకు ఆ మాట విషమని తెలిసిపోతుంది.

ఉపాధ్యాయురాలు: ఆ పుస్తకమూ బడిలో ఉంది. అయితే దూరదేశపు కథ ముందు చదివినందువల్లే పిల్లలు ధైర్యంగా ప్రశ్నించారు. పౌరహక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ సభలో, 1963 ఆగస్టు 28న, ఇరవై మూడేళ్ల లూయిస్ ప్రసంగం మరీ ఘాటుగా ఉందని ఉద్యమ పెద్దలు చివరి నిమిషంలో మార్పించే సన్నివేశం దగ్గర, “ఆయన ఎందుకు ఒప్పుకున్నాడు టీచర్?” అని ముగ్గురు ఒకేసారి అడిగారు. వచ్చే వారం తరగతిలో ఆ ప్రశ్న మీదే వాదన పెట్టాం. ఒప్పుకోకూడదనే పక్షంలో తలదించుకున్న ఆ అమ్మాయి ఉంది.