మేస్త్రీ దగ్గరా, ఐటీఐలోనా?

నమస్కారం అండీ. పది పాసైన కుర్రాడికి చదువు మీద మనసు లేదంటే, మన విశాఖ ఇళ్లల్లో వెంటనే వచ్చే మాట ఒకటుంది. "మధురవాడ వైపు ఇన్ని అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, ఏదో ఒక మేస్త్రీ దగ్గర పెట్టేయండి, పని అదే వస్తుంది." అదే రాదండీ. ముందు ఐటీఐలో, అంటే చేతిపనులు నేర్పే శిక్షణ సంస్థలో చేర్చండి. ఇవాళ నేను చెప్పేది ఇదే.

హెల్పర్‌గా చేరినవాడు ఏం చేస్తాడు? ఇసుక జల్లిస్తాడు, సిమెంటు మాలు కలుపుతాడు, తట్ట మోస్తాడు, మధ్యలో టీ తెస్తాడు. గోడ నిలువుకి తూకం గుండు వేసేది మేస్త్రీ, అడ్డం సమంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూసేది మేస్త్రీ, ప్లాన్ కాగితం విప్పేదీ మేస్త్రీయే. మంచాయన దొరికితే తొందరగానే మాలు పూసే తాపీ చేతికిస్తాడు. లేదంటే ఏళ్లు గడిచినా తట్టే. వీడు కూడా మేస్త్రీ అయిపోతే తట్ట మోసేదెవరని ఆయనకూ ఓ లెక్క ఉంటుంది కదా!

లెక్క అంటే గుర్తొచ్చింది. 12 ఎం.ఎం. మందం ఇనుప రాడ్ మీటరు ఎంత తూగుతుంది? 12ని 12తో గుణించి 162తో భాగించండి, బరువు కిలోల్లో వస్తుంది. దాదాపు 890 గ్రాములు. రాడ్ పొడవు మామూలుగా 12 మీటర్లు కాబట్టి ఒక్కోటి పదిన్నర కిలోల పైమాటే. లారీలోంచి దిగిన సరుకు మరీ తేలిగ్గా ఉంటే, ఈ లెక్క తెలిసినవాడే పట్టుకుంటాడు.

ఇంకోటి, మన ఊరి ఉప్పుగాలి. తుప్పు పట్టిన రాడ్ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. సముద్రం దగ్గరి పాత బిల్డింగుల్లో బాల్కనీ కింద పెచ్చులూడి రాడ్లు బయటపడటం చూసే ఉంటారు. అందుకే రాడ్డుకీ సెంట్రింగ్‌కీ (కాంక్రీటు పోసే అచ్చుకి) మధ్య కవర్ బ్లాకులనే చిన్న దిమ్మెలు పెడతారు, రాడ్ మీద కవర్, అంటే కాంక్రీటు మందం, సరిగ్గా ఉండటానికి. కాంక్రీటు పనికున్న భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఎండావానా తగలని చోట స్లాబుకు 20 ఎం.ఎం. కవర్ చాలు, తీరపు గాలి నేరుగా తగిలే చోట 45 ఉండాలి. చాలా సైట్లలో ఏం జరుగుతుంది? చేతికందిన కంకర రాయి దూర్చేసి "కానీయండి" అంటారు. హెల్పర్ కూడా అదే పని అనుకుంటాడు.

అందుకని ముందు ఐటీఐ అంటాను. కంచరపాలెంలో గవర్నమెంట్ ఐటీఐ ఉంది. ప్లంబర్, వెల్డర్ ఏడాది ట్రేడులు. ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, దానికి పది పాసవ్వాలి. ఏ ఐటీఐలో ఏ ట్రేడుందో అడ్మిషన్లప్పుడు చూసుకోండి. తర్వాత అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ వస్తుంది. నా ఓటు ప్లంబర్‌కీ ఎలక్ట్రీషియన్‌కీ. ఇల్లు కట్టేటప్పుడే కాదు, కట్టాక రిపేర్లకీ వాళ్లే కావాలి.

ఐటీఐ నుంచి వచ్చినవాడికి చేతి వేగం ఉండదు, నిజమే. మొదట్లో సైట్లో నవ్వుతారు. నవ్వనివ్వండి. సెలవుల్లో సైట్‌కి వెళ్తుంటే ఆ వేగం కూడా వస్తుంది.

ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లు మళ్లీ మొదటినుంచి చదవక్కర్లేదు. వచ్చిన పనినే పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి ఉంది, దాని గురించి కనుక్కోండి.

ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ అయితే ఫీజు కట్టే ముందు వర్క్‌షాప్ తలుపు తీయించండి. వెల్డింగ్ చేసేచోట గోడలకు మసి ఉందా, పైపులకు మర కోసే డై సెట్ వాడినట్టుందా చూడండి. ఏసీ గదిలో కూర్చోబెట్టి బ్రోచర్ ఒక్కటే చూపిస్తే, మంచినీళ్లు తాగి బయటికొచ్చేయండి.